లేని గుడికి దారి

గోకవరం దాటాక, జీడిమామిడి తోటల నడుమ ఒక కొండ. పాదాన అడవి పార్కు గేటు, నడకదారులు; గేటుకి ఆనుకునే ఒక వైన్ ఫ్యాక్టరీ ప్రహరీ. వైశాఖమాసపు సాయంత్రం, కొండకొమ్మున కట్టిన సిమెంటు మండపంలో కామేశం, అతని భార్య ఫణిశ్రీ తప్ప మరెవరూ లేరు.

"ఇక్కడా లేరు. ఏవండీ, అత్తయ్యగారు ఇక్కడా లేరు."

"చూస్తున్నాను ఫణీ."

"ఏం చూస్తున్నారు, దూరాన గోదావరి కనిపిస్తోందా అనా? కిందకి చూడండి, ఆ బండల వైపు. కేకెయ్యండి!"

"అమ్మా!"

"ఇంకా గట్టిగా. క్లాసులో వెనకబెంచీ దాకా వినిపించేది కదా మీ గొంతు."

"అమ్మా! ... ఆగు, ఊపిరందడం లేదు. కంగారు వల్ల ప్రయోజనం లేదు ఫణీ. క్రమపద్ధతిలో ఆలోచిద్దాం. గేటు నుంచి ఈ కొమ్ముకి దారి ఒక్కటే. బండలమీద ఎర్రబాణాలు వేసి ఉన్నాయి. మనం వాటి వెంటే వచ్చాం. ఆవిడా వాటి వెంటే వచ్చి ఉండాలి."

"వస్తే ఏరి?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. గుడి కనపడక ఇంకా ముందుకి..."

"ఏంటి?"

"ఏమీ లేదు. ఏమీ లేదు, పద."

"గుడి అన్నారు మీరు."

"కిందకి పోదాం. ఆ గార్డు ఐజాక్‌కి ఏమైనా తెలిసిందేమో కనుక్కుందాం."

"నా మొహం చూసి చెప్పండి. ఏ గుడి? సిమెంటు బల్లలు, చెత్తబుట్టలు, అదిగో ఆ మూల రంగుపోయిన చిరుతపులి బొమ్మ. ఇక్కడ గుడెక్కడుందండీ?"

"లేదు."

"మరి?"

"రాత్రి అమ్మతో అన్నాను. ఆ కొండమీద నరసింహస్వామి వెలిశాడట, చిన్న గుడి ఉందమ్మా, గుడి ఉంది, చూసొద్దాం అని."

"అయ్యో."

"మరేం చెయ్యమంటావు? మొన్న బాత్రూంలో పడినప్పటినుంచీ ఒంటరిగా వదల్లేకపోతున్నాం. పక్కింటి సత్యవాణిగారి దగ్గర ఒక్కపూట కూర్చోమంటే, పరాయి కొంపలో మంచినీళ్ళు దిగవంది. వైన్ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్తున్నాను, నువ్వూ రావమ్మా అనమంటావా? పంచపాత్ర తప్ప మరో పాత్రలోది తీర్థమని ఎరగని మనిషితో?"

"జూస్ కంపెనీ అని చెబుదామనుకున్నాం కదా ఇద్దరం."

"చెప్పాను. జూస్ కంపెనీకి నేనెందుకురా అంది. దేవుడంటేనే కదులుతుంది."

"అందుకా తెల్లారగట్ల తలస్నానం! అందుకా ఆ జరీచీర! కారులో కొబ్బరికాయ ఎందుకో అనుకున్నాను. నాకు ఒక్కముక్క చెప్పలేకపోయారా?"

"నువ్వు ఒప్పుకోవని."

"ఒప్పుకోను. ఏడాదినుంచీ ఇంట్లో కూర్చున్న మనిషికి ఉద్యోగం కావాలి, నిజమే. కాలేజీవాళ్ళు కెమిస్ట్రీయే ఎత్తేస్తే మీరేం చేస్తారు, అదీ నిజమే. అంతమాత్రాన ముసలావిడతో లేని దేవుడి గురించి... ఉండండి. ఉండండుండండి."

"ఏమైంది?"

"ఇడ్లీ."

"ఇడ్లీ ఏంటి?"

"పొద్దున్న ఇడ్లీ పెడితే 'తరవాత తింటానే' అన్నారు. కారులో అరటిపండు ఇస్తే సంచిలో వేసుకున్నారు. ఏవండీ, గుడికి బయల్దేరితే దర్శనం అయ్యేదాకా ఆవిడ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. మీకు తెలీదా?"

"తెలుసు. రాత్రి అది స్ఫురించలేదు."

"షుగరు మాత్ర వేశానండీ నేను! ఎలాగూ తినేస్తారు కదా అని లేవగానే వేశాను. నా చేత్తో వేశాను!"

"నువ్వు..."

"మాత్ర వేసుకుని పొద్దున్ననుంచీ మెతుకు లేకుండా, ఈ ఎండలో కొండెక్కితే ఏమవుతుందండీ?"

"ముందు చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. తరవాత మాట ముద్దవుతుంది. ఆ తరవాత స్పృహ..."

"చాలు! పాఠం చెప్పమన్నానా?"

"నువ్వే అడిగావు."

"వేపచెట్టు కింద బెంచీమీద కూర్చోబెట్టాను. ఇక్కణ్ణించి కదలకండి అత్తయ్యగారూ అని రెండుసార్లు చెప్పాను. ఆ మేనేజరు భార్య క్వార్టర్సు చూపిస్తానంటే లోపలికెళ్ళాను. వంటగట్టు ఎత్తు సరిపోతుందా, దేవుడి గూడు ఎటువైపుందీ అని చూస్తూ నిలబడ్డాను. రాని ఉద్యోగానికి ఇల్లు సర్దుకుంటున్నాను. తిరిగొస్తే బెంచీ ఖాళీ."

"నీ తప్పు లేదు."

"మీ ఫోను మోగుతోంది. ఐజాకేమో, తియ్యండి. స్పీకర్లో పెట్టండి."

"మేస్టారూ! ఏంటండీ బాబూ, గ్లాసు బల్లమీద పెట్టేసి అలా లేచెళ్ళిపోయారు? చెప్పాపెట్టకుండా?"

"నమస్కారం దుర్గాప్రసాదరాజుగారూ. ముందుగా నా ప్రవర్తనకి మన్నింపు కోరాలి. అనివార్యమైన ఒకానొక పరిస్థితి వల్ల..."

"అవన్నీ తర్వాతండి. ఫ్యాక్టరీ నాదేగానీ మనిషిని ఎంచేది ఆ బెంగుళూరు ఆయనండి. ఆయనకి రైలు టైమైపోతోంది. మీరిప్పుడొస్తే సరేసరి, లేదంటే బయట కూర్చున్న ఆ రెండో ఆయన్ని పిలిచేస్తారండి. నేను చెప్పినా వినరు, ఆయ్. అసలేమైందండి?"

"అదే మనవి చేసుకుంటున్నాను. మా మాతృమూర్తి..."

"ఆ? వినపళ్ళేదండి. ఎవరి మూర్తి? హలో, మేస్టా..."

"హలో! రాజుగారూ!"

"పోయిందా?"

"సిగ్నల్ లేదు."

"'మా అమ్మ కనపడ్డం లేదు.' ఇంతేనండీ! ఇంతే మాట ముందు అనలేకపోయారా? ఫ్యాక్టరీలో ఉన్నవాళ్ళందరూ ఈపాటికి కొండెక్కేవారు. మన్నింపట! ఒకానొక పరిస్థితట!"

"అలవాటైపోయింది."

"మళ్ళీ చెయ్యండి."

"తగలడం లేదు. కింద తగులుతుంది. పద."

"మీరు దగ్గరకొస్తే ఏదో వాసనొస్తోంది. పులిసిన పళ్ళ వాసన. రుచి చూడమన్నారా?"

"చూడమన్నారు. ఆ ఉద్యోగంలో అదే ముఖ్యం. నాలుకమీద వేసుకుని ఉమ్మెయ్యాలి. పద్ధతి అది."

"ఉమ్మేశారా?"

"ఉమ్మేశాను. అంతా ఉమ్మేశాను."

"సరే నడవండి. ఏ దిక్కుకని నడుస్తాం? వచ్చిన దారినే దిగితే వచ్చినప్పుడు కనపడని మనిషి ఇప్పుడు కనపడతారా?"

"మరో దారి లేదు కదా."

"ఆగండి. ఎక్కేటప్పుడు కొండ మనకి ఏ చేతివైపుంది?"

"ఇప్పుడా ప్రశ్న ఎందుకు?"

"చెప్పండి."

"బాణాలు గేటు దగ్గర కుడికి తిరిగాయి. కాబట్టి కొండ ఎడమచేతివైపు."

"దేవుడున్న కొండని ఎడమచేతివైపు పెట్టుకుని నడుస్తుందా మీ అమ్మ?"

"ఫణీ."

"ద్రాక్షారామంలో జనం తోసేస్తే రెండడుగులు వెనక్కి పడ్డాయని, మళ్ళీ ధ్వజస్తంభం దగ్గరికొచ్చి మొదటినుంచీ తిరిగిన మనిషి. తులసికోట పక్కనుంచి దొడ్లోకి వెళ్ళాలన్నా కుడిచేతివైపు పెట్టుకునే వెళ్తారు. ఎర్రబాణం వేశారని అప్రదక్షిణంగా వెళ్తారా? ఎవరు చెప్తే మాత్రం?"

"ఎడమకి తిరిగింది. గేటు దగ్గర ఎడమకి. ప్రదక్షిణంగా."

"ఎడమవైపు దారి ఉందా?"

"ఉంది. గొలుసు కట్టారు. ఫ్యాక్టరీ వెనకనుంచి పోయే పాత దారి. మూసేశారు, అటు ఎవరూ పోరు అన్నాడు ఐజాక్. అందుకే అటు వెతకలేదు."

"ఎందుకు మూసేశారు?"

"పళ్ళ పిప్పి పారబోసే గుంట ఉందట అటు."

"పిప్పికి దారి మూసెయ్యడమెందుకు?"

"పరుగెత్తు ఫణీ."

"ఎందుకు మూసేశారండీ?"

"మునిమాపు వేళ ఆ పిప్పికోసం ఎలుగుబంట్లు దిగుతాయట."

గొలుసుకి అవతల, గడ్డి మూసుకుపోయిన దారి. కొండ ఇప్పుడు వాళ్ళకి కుడిచేతివైపు ఉంది. ఎండ బండలమీదనుంచి జారిపోతోంది.

"ఐజాక్‌కి తగిలిందా?"

"తగిలింది. అవతలి లోయలో ఉన్నాడట. చుట్టూ తిరిగి రావాలి. ఈసారి మొదటి మాటలోనే విషయం చెప్పేశాను."

"రాజుగారికి?"

"ఎత్తలేదు. ఆ రెండో ఆయన లోపలున్నాడు కాబోలు."

"పోనీలెండి. పోతే పోయింది. అదేంటి, ఆ పొద కింద?"

"ఎక్కడ?"

"చెప్పులు. అత్తయ్యగారి చెప్పులండీ! చూడండి, జంటగా, ఒకదాని పక్కన ఒకటి, ఎవరూ తన్నకుండా పొద లోపలికి తోసి మరీ పెట్టారు. గుడి మెట్ల దగ్గర పెట్టినట్టు."

"ఈ బండలమీద వట్టికాళ్ళతో..."

"ముట్టుకోండి ఈ రాయి. ఇప్పటికీ కాలుతోంది. ఆవిడ నడిచినప్పుడు ఎలా ఉండుంటుంది? ఆవిడ పాదాలు చూశారా ఎప్పుడైనా? మడమలన్నీ పగుళ్ళు. రాత్రి నూనె రాసింది నేను."

"ఫణీ, ఏడవకు. దారి తెలిసింది కదా."

"మీరెందుకు ఏడుస్తున్నారు మరి?"

"నేను ఏడవడం లేదు. ఏడవడం లేదు."

"అమ్మా అని పిలవండి."

"అమ్మా! అమ్మా, నేనమ్మా!"

"వాసన. పిప్పి గుంట దగ్గరికొచ్చినట్టున్నాం. ఈగలు చూడండి. ఏవండీ, నిజం చెప్పండి, అవి ఇటు వస్తాయా?"

"రావు. ఇటు రావులే."

"నా చెయ్యి పట్టుకోండి."

"ఫణీ, నేను ఉమ్మెయ్యలేదు."

"ఏంటి?"

"ఆ మొదటి గ్లాసు. జీడిమామిడి పండుది. నోట్లో పోసుకున్నాక, గుమ్మంలోంచి అమ్మ చూస్తోందనిపించింది. తలుపు వేసే ఉంది, అయినా అనిపించింది. ఉమ్మితే కనపడుతుందని మింగేశాను."

"ఇప్పుడెందుకు చెప్తున్నారు అది?"

"ఎవరికో ఒకరికి చెప్పాలి. అది ఎలా ఉందో తెలుసా? తరవాణీలా, ఆ పులిసిన గంజిలా ఉంది. చిన్నప్పుడు మామ్మ చద్దన్నంలో పోసేదే, అచ్చం అది. అది చెప్పబోతుంటే నువ్వొచ్చి అత్తయ్యగారు లేరన్నావు."

"ష్. వినండి."

"ఏంటి?"

"టక్కుమంటోంది. విన్నారా? మళ్ళీ. రాయిమీద ఏదో..."

"నా వెనక్కి రా. కర్ర ఏదైనా ఉందేమో చూడు."

"ఎలుగుబంటి అలా చప్పుడు చేస్తుందా?"

"తెలియదు. మాట్లాడకు."

"ఆగుతోంది. మళ్ళీ కొడుతోంది. మెల్లిగా... ఏవండీ, అది కొబ్బరికాయండీ! ఎవరో కొబ్బరికాయ కొడుతున్నారు. పగలక మళ్ళీ కొడుతున్నారు!"

"అమ్మా!"

గుంట దాటిన మలుపులో, బండకి చేరగిలబడి కామేశం తల్లి సీతారామలక్ష్మి.

"అమ్మా, నేను. కామేశాన్ని. ఇటు చూడు."

"వచ్చావా నాన్నా. ఈ కాయ చూడు, ఎంతకీ పగలడం లేదు. చేతుల్లో సత్తువ పోయింది."

"అత్తయ్యగారూ! ఒళ్ళంతా ముద్దయిపోయిందండీ చెమటకి. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. నీళ్ళు, ఆ సీసా ఇటివ్వండి. అత్తయ్యగారూ, ఒక్క గుక్క."

"తియ్యవే ఫణీ. నైవేద్యం కాలేదింకా."

"నైవేద్యమేంటండీ ఈ స్థితిలో! సంచిలో బెల్లముంది చూడండి. ఇంత బెల్లముక్క, అరటిపండు పక్కన పెట్టుకుని ఇలా పడి ఉన్నారా? నోరు తెరవండి."

"అది స్వామిది. ముట్టుకోకు."

"ఏ స్వామి అమ్మా?"

"ఎదురుగా పెట్టుకుని అడుగుతావేంట్రా? ఇదిగో. పసుపు రాశాను, బొట్టు పెట్టాను. చాలా రాళ్ళు చూశాను. ఇదొక్కటే నిలబడింది."

"అమ్మా, ఇక్కడ గుడి లేదు. దేవుడు లేడు. నేను అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"తెలుసా? ఎవరు చెప్పారు?"

"నువ్వే."

"నేనా? ఎప్పుడు?"

"అదిగో, మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయి. ఆగు."

"ఏవండీ, తరవాత మాట్లాడుకోవచ్చు! అత్తయ్యగారూ, నా మాట వినండి, మాత్ర వేశాను పొద్దున్న, తినకపోతే ప్రాణానికే..."

"దర్శనం చేసుకుని నైవేద్యం పెట్టందే నోట్లో ఏమీ వేసుకోనని గుమ్మం దాటేటప్పుడే సంకల్పం చెప్పుకున్నాన్రా కామేశం. గుడి లేదు కదా అని దిగి వచ్చేస్తే నా మాట ఏం కావాలి? గుడి ఉందన్నావు, నీ మాట ఏం కావాలి? అందుకని... ఏమన్నాను?"

"అందుకని, అన్నావమ్మా."

"అందుకని, ఉంటే సరిపోతుంది కదా అని పెట్టాను. ఇప్పుడుంది."

"మాట ముద్దవుతోందండీ! విన్నారా? తరవాత ఏమవుతుందో మీరే చెప్పారు. నైవేద్యం పెట్టండి! మీకు నోటికొచ్చు కదా. పెట్టేస్తే ప్రసాదమైపోతుంది, తినేస్తారు. త్వరగా!"

"నేను పెట్టకూడదు ఫణీ."

"ఏం?"

"ఈ నోటితో పెట్టకూడదు."

"ప్రాణం పోతుంటే నోరంటారేంటండీ!"

"ఏమైందిరా నీ నోటికి? ఇలా రా. దగ్గరికి రా. ఇంకా. ... ఊఁ."

"అమ్మా..."

"పులిసిన వాసన. రుచి చూశావన్నమాట."

"అమ్మా, అది జూస్ కంపెనీ కాదు. అది..."

"ఫ్యాక్టరీ గేటు మీద తాటికాయంత అక్షరాలతో తెలుగులో రాస్తే, నాకు చదువు రాదనుకున్నావా? మింగావా?"

"మొదటిది మింగాను."

"అంతదాకా వచ్చిందంటే, ఉద్యోగం ఇచ్చినట్టేనా?"

"అమ్మా?"

"అదేగా ఈ స్వామిని అడుగుతున్నాను ఇందాకట్నుంచీ. ఏడాదిపాటు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీచొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా అరుగుమీద కూర్చున్నావు. అది చూశాక కూడా వైనుట, మరొకటిట, నాకెందుకురా? ఇచ్చారా లేదా చెప్పు. ఇచ్చారంటే ఆ మాట చెప్పి నైవేద్యం పెట్టు, తింటాను. ఇవ్వలేదంటే ఇంకాసేపు కూర్చుంటాను. ఈయన కొత్తాయన. నెమ్మదిగా వింటాడు."

"అత్తయ్యగారూ, చీకటి పడుతోంది. ఇక్కడ ఎలుగు... ఏవండీ, చెప్పండి! ఏదో ఒకటి చెప్పండి!"

"చెప్పరా. కళ్ళు మూతలు పడుతున్నాయి."

"ఇచ్చారు. ఇచ్చారమ్మా. రేపే చేరమన్నారు."

"చేరమన్నారా."

"చేరమన్నారమ్మా."

"పెట్టండి! నైవేద్యం పెట్టండి!"

"ఆ బెల్లం స్వామి ముందు పెట్టు ఫణీ. నీళ్ళ సీసా మూత తియ్యి. ఓం ప్రాణాయ స్వాహా. అపానాయ స్వాహా. వ్యానాయ... వ్యానాయ..."

"తరవాత ఏడుద్దురుగాని, ముందు కానివ్వండి!"

"వ్యానాయ స్వాహా. ఉదానాయ స్వాహా. సమానాయ స్వాహా. అయింది. అయింది, పెట్టు."

"అత్తయ్యగారూ, ప్రసాదం. ప్రసాదమండీ ఇది. నోరు తెరవండి."

"ఉండవే. ఒరేయ్ కామేశం."

"ఏమ్మా?"

"రాత్రి 'గుడి ఉందమ్మా, గుడి ఉంది' అన్నావు చూడు, అప్పుడే తెలిసింది నాకు. చిన్నప్పట్నుంచీ అంతే, అబద్ధమాడితే ఒక మాట రెండుసార్లంటావు. ఆ రాత్రి మాటని నేను నిజం చేసిపెట్టాను. ఈ ఉద్యోగం మాటని నువ్వే నిజం చేసుకోవాలి నాన్నా, నాకింక ఓపిక లేదు. ఏదే ఫణీ, పెట్టు ఆ బెల్లం."